నీడ కాపురం

ఇంట్లో వస్తువులు కదులుతున్నాయని హైమావతి టీచరు మొదట అనుమానించింది. తర్వాత రుజువు చేసింది.

కాకినాడలో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. రుజువు లేని మాట తను అనదు, ఎవరైనా అంటే ఊరుకోదు. రిటైరయ్యాక కూడా ఆవిడ హ్యాండుబ్యాగులో ఒక సుద్దముక్క ఉండేది. దాన్ని ఇప్పుడు ఇంట్లో వాడటం మొదలుపెట్టింది. ఏ వస్తువు ఎక్కడ పెట్టినా ముందు అక్కడ చిన్న చుక్క పెట్టి, సరిగ్గా ఆ చుక్క మీద వస్తువు ఉంచేది. మర్నాడు చూస్తే చుక్క ఉన్నచోటే ఉండేది, వస్తువు ఉండేది కాదు. బీరువా తాళాలు మేకుకి వేలాడుతూ కనిపించేవి. కళ్లజోడు టీవీ పక్కన తన పెట్టెలో ఏమీ ఎరగనట్టు పడుకుని ఉండేది.

"ఇదెవరు తీశారండీ?" అని భర్తను నిలదీసేది.

"ఏమో హైమా, నేను చూళ్ళేదు" అనేవాడు భీమశంకరం, పేపరులోంచి తల ఎత్తకుండా.

ఆయన రైల్వే మెయిల్లో ఉత్తరాలు సార్టింగు చేసి రిటైరైన మనిషి. కదిలే రైల్లో నిలబడి ఏ ఊరి ఉత్తరం ఆ ఊరి అరలో వేసిన చెయ్యి. మాట తక్కువ. అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. పేపరు అడ్డం పెట్టుకుంటే చెవులు కనబడవన్న సంగతి ఆయనకి ఈమధ్యనే తెలిసింది.

మొదటి అనుమానం పనిమనిషి నూకాలు మీదకి పోయింది. ముత్యాల దుద్దులు కనబడకపోయేసరికి హైమావతి ఒంటికాలి మీద లేచింది. నూకాలు ఏడ్చింది, ఒట్లు పెట్టింది, ఆఖరికి చీపురు అక్కడే పడేసి వెళ్లిపోయింది. మర్నాడు దుద్దులు వాటి పెట్టెలోనే ఉన్నాయి. భయపడి ఎవరి చేతో తిరిగి పెట్టించిందనుకుంది హైమావతి. కానీ నూకాలు వెళ్లిపోయాక కూడా వస్తువులు కదలడం ఆగలేదు. ఇంట్లో మిగిలింది ఇద్దరు. తను కాదు కాబట్టి, ఇంక లెక్క చెయ్యడానికి ఏముంది?

అలాంటి సమయంలో భీమశంకరం, నీళ్లు నమిలి నమిలి, "ఒకసారి మనోదర్శి వాళ్ల దగ్గరికి వెళ్లొద్దామా?" అన్నాడు.

మనోదర్శి అంటే బీచి రోడ్డు వైపు కొత్తగా పెట్టిన మనస్తత్వ పరీక్షా కేంద్రం. మనిషికి మనసులో ఏం జరుగుతోందో, అది జబ్బో కాదో అక్కడ తేలుస్తారని చెప్పుకునేవాళ్లు. హైమావతి భర్త వంక చాలాసేపు చూసింది. వస్తువులు మాయం చేసేదీ ఈయనే, పిచ్చిదని కాగితం తెప్పించబోయేదీ ఈయనే అన్నమాట. ఎందుకో మాత్రం అంతు పట్టలేదు. ఇల్లు ఆవిడ పేరు మీద ఉంది. అంతవరకూ ఆలోచించి తనకే అసహ్యం వేసి ఆగిపోయింది.

"పదండి. నేనూ చూస్తాను" అంది.

వెళ్లేముందు ఒక నిశ్చయం చేసుకుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది. ఈ మనిషి గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పదు. ఇంటి గుట్టు బయటివాళ్ల ముందు పెట్టడం ఆవిడ పుట్టింట్లోనూ లేదు, అత్తింట్లోనూ లేదు.

*

డాక్టర్ ప్రవల్లికకు ముప్పై అయిదేళ్లుంటాయి. మాట మెత్తన. ఆ మెత్తదనమే హైమావతికి నచ్చలేదు.

"మూడుసార్లు రావాలి మేడం. మొదటిసారి కబుర్లే. రెండోసారి కొన్ని చిన్న పరీక్షలు. మూడోసారి అదిగో, ఆ మూలనున్న కుర్చీలో కూర్చోవాలి. భయపడాల్సిందేమీ లేదు. ఇది పాసు, ఫెయిలు ఉండే పరీక్ష కాదు."

"పాసూ ఫెయిలూ లేని పరీక్ష నేనెక్కడా చూళ్ళేదమ్మా. ఉండే ఉంటాయి. పరీక్ష రాసేవాడికి చెప్పరంతే."

డాక్టరు నవ్వింది. చిన్నప్పటి సంగతులు, నిద్ర, తిండి, కోపతాపాలు అడిగింది. హైమావతి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఫోనులో తీసిపెట్టిన సుద్దచుక్కల ఫొటోలు కూడా చూపించింది. ఫ్రిజ్జులో గుడ్ల అర మీద చుక్క. బియ్యం డబ్బా మూత లోపల చుక్క. చింతపండు జాడీ వెనక చుక్క.

"తాళాలు గుడ్ల పక్కన పెట్టారా మేడం?"

"దొంగ వెతకని చోట పెట్టాలి కదా."

డాక్టరు తల ఊపి, "సార్ గురించి చెప్పండి" అంది.

"ఉన్నారు. పెన్షనొస్తుంది."

అంతకు మించి నోరు విప్పలేదు. తర్వాత భీమశంకరాన్ని విడిగా పిలిచారు. దగ్గరివాళ్లని అడగడం కూడా పరీక్షలో భాగమేనట. తలుపు పూర్తిగా మూసుకోలేదు. హైమావతి కుర్చీ జరుపుకుని చెవి ఒగ్గింది.

"ఆవిడకేవండీ, బంగారంలాగుంది" అంటున్నాడు ఆయన.

"మర్చిపోవడం లాంటిదేమైనా గమనించారా?"

"మర్చిపోనోళ్లెవరండీ ఈ రోజుల్లో. ఆయ్, అదేం లేదండి."

తీసుకొచ్చిందీ ఆయనే, ఏమీ లేదంటున్నదీ ఆయనే. ఈ నాటకం ఎవరి కోసమో హైమావతికి అర్థం కాలేదు. అనుమానం ఒక మెట్టు పైకెక్కింది.

రెండోసారి వెళ్లినప్పుడు గడియారం బొమ్మ గియ్యమన్నారు. కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమన్నారు. ఆవిడ రెండు చెప్పింది.

"ఇంకా ఉన్నాయి మేడం."

"లేవు. మీరు చెప్పిందే రెండు."

డాక్టరు వాదించలేదు. వాదించకపోవడమే హైమావతిని భయపెట్టింది. తప్పు చేసిన పిల్లాణ్ని కసురుకోవచ్చు. పాపం అనిపించిన పిల్లాణ్నే కసురుకోకుండా వదిలేస్తారు. ఆ సంగతి ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

*

ఆ వారం ఒక మధ్యాహ్నం ఆవిడ నిద్ర నటించింది. కాసేపటికి భీమశంకరం పిల్లిలా లేచాడు. చెప్పులు వేసుకోలేదు. ఫ్రిజ్జు తలుపు తెరుచుకున్న చప్పుడు, బియ్యం డబ్బా మూత చప్పుడు. ఆవిడ తలుపు సందులోంచి చూసింది. ఆయన చేతిలో బీరువా తాళాలు. అవి గలగలమనకుండా గుప్పిట్లో నొక్కిపట్టి, హాల్లోకి నడిచి, మేకుకి తగిలించాడు. వెనక్కి వచ్చి ఏమీ ఎరగనట్టు పడుకున్నాడు.

రుజువైతే తేలికపడతానని హైమావతి ఇన్నాళ్లూ అనుకుంది. తేలికపడలేదు. నలభై ఏళ్లు పక్క కంచంలో తిన్న మనిషి దొంగని తేలితే తేలికపడేవాళ్లుంటారా?

ఆయన్ని ఏమీ అడగలేదు. మూడోసారి కుర్చీలో కూర్చోబెట్టే రోజుకి మనసుకి తలుపు వేసుకుని వెళ్లింది.

"పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ ఇంట్లో ఒక రోజు తలుచుకోండి మేడం" అంది ప్రవల్లిక, మెత్తటి పట్టీ ఒకటి ఆవిడ నుదుటికి చుడుతూ. "మీరు తలుచుకున్న ఇల్లు ఈ యంత్రంలో తయారవుతుంది. అందులో మీలాగే ఆలోచించే నీడ ఒకటి ఉంటుంది. మిమ్మల్ని పదేపదే పరీక్షలతో విసిగించకుండా, ఆ నీడని కొన్నాళ్లు ఆ ఇంట్లో బతకనిచ్చి చూస్తాం. దాని కాలం మన కాలం కన్నా వేగం. మీకు ఏ జబ్బుందో, అసలు ఉందో లేదో అది బతికే తీరులో తెలిసిపోతుంది."

హైమావతి కళ్లు మూసుకుంది. తులసికోట దగ్గర ముగ్గు, పాలపొయ్యి, పెరట్లో కరివేపాకు మొక్క, కిటికీ ఊచల మీద వాలే పిచ్చుక, అన్నీ తలుచుకుంది. ఆయన్ని తలుచుకోలేదు. ఆయన పడక్కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకున్నట్టు ఆలోచన పక్కకి తిప్పింది. పట్టుదల గల మనిషి, అనుకున్నదే చేసింది.

*

ఫలితం చెప్పే రోజు ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టారు. గోడ మీద తెర వెలిగింది.

తెర మీద హైమావతి ఇల్లే. అందులో హైమావతే తిరుగుతోంది, అదే చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని. చూస్తున్న హైమావతి కుర్చీ ముందుకి జరుపుకుంది. తన నడక కాస్త వంకరని ఆవిడకు అప్పుడే తెలిసింది.

నీడ తాళాలు తీసుకెళ్లి ఫ్రిజ్జులో పెట్టింది. చుక్క పెట్టింది. మర్నాడు చుక్క సంగతే మరిచి మేకు దగ్గరికి వెళ్లి తడుముకుంది. తాళాలు లేవు. ఇల్లంతా వెతికి, అలిసిపోయి, గడప మీద కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. కళ్లజోడు బియ్యం డబ్బాలో చేరింది, అక్కడే ఉండిపోయింది. పాలు పొంగి, ఇగిరిపోయి, గిన్నె మాడింది. రోజులు తెర మీద చకచకా దొర్లాయి. ఒక్క వస్తువూ కదల్లేదు. ఏ చుక్క మీద వస్తువు ఆ చుక్క మీదే ఉంది, అన్నీ ఉండకూడని చోట్ల.

నీడ ఎవర్నీ అనుమానించలేదు. పనిమనిషిని తిట్టలేదు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ పడకగది గుమ్మం దగ్గర ఆగి, "ఏవండీ, తాళాలు చూశారా?" అంది. జవాబు కోసం నిలబడింది. ఎవరూ పలకలేదు. కాసేపు పోయాక వంటింట్లోకి వెళ్లి రెండు కంచాలు పెట్టింది.

"సార్‌ని మీరు తలుచుకోలేదు మేడం. అందుకే ఆ ఇంట్లో ఆయన లేరు" అంది ప్రవల్లిక నెమ్మదిగా. "పిలవడం మాత్రం మీరు దాచలేకపోయారు."

హైమావతికి తన పాఠమే గుర్తొచ్చింది. లెక్కలో ఒక అంకె తీసేసి చూస్తే ఆ అంకె చేసే పనేమిటో తెలుస్తుందని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిందో. వస్తువులు కదులుతున్నాయని రుజువు చేసింది సరే. కదలకముందు అవి ఉండాల్సిన చోటే ఉన్నాయా అని ఒక్కసారైనా ఆలోచించిందా? చుక్కలన్నీ తన చేతివే. సగం రుజువుతో నూకాలుని వీధిలోకి పంపేసింది.

భర్త వైపు తిరిగింది. ఇప్పుడు ఆయన చేతిలో పేపరు లేదు.

"దుద్దులు ఎక్కడున్నాయి ఆ రోజు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి అబద్ధానికి కాదు, సిగ్గుకి. "ఆవాల డబ్బాలో."

"మీకు తెలిసే, నూకాలుని నేనన్ని మాటలంటుంటే నోరెత్తలేదు."

"నోరెత్తితే నీకు తెలిసిపోద్ది కదా హైమా."

"దాని పొట్ట కొట్టారు మీరు. నా కోసమని."

భీమశంకరం తల వంచుకున్నాడు. ప్రేమ గల మనిషే, కానీ పిరికివాడు. ఆ రెండూ ఒక మనిషిలోనే ఉంటాయని ఆవిడకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. కోపాన్నే పైకి కనబడనిచ్చింది.

ప్రవల్లిక మంచినీళ్ల గ్లాసు జరిపింది. "మీకు పిచ్చి లేదు మేడం. మీ అనుమానం నిజమే, ఎవరో కదుపుతూనే ఉన్నారు. జబ్బు వేరే. మరుపు జబ్బు మొదలైంది. తొందరగా పట్టుకుంటే చాలావరకు ఆపే మందు ఉంది. కానీ మోతాదు మనిషికీ మనిషికీ మారుతుంది. కాస్త ఎక్కువైతే ఉన్న జ్ఞాపకాలే పోతాయి. అందుకని ముందు నీడ మీద వేసి చూస్తాం."

"ఎన్నాళ్లు?"

"మనకి కొన్ని నెలలు. దానికి ఏళ్లు."

"అన్నేళ్లూ అది ఆ ఇంట్లో ఒక్కత్తే ఉండాలా?"

"అది నీడ మేడం."

"నాలాగే ఆలోచిస్తుందని మీరే అన్నారు. ఆలోచించేదానికి భయం వెయ్యదా? రెండో కంచం ఎందుకు పెట్టిందమ్మా మరి?"

డాక్టరు జవాబు వెతుక్కుంది. వెతుక్కుంటున్నట్టు మొహంలో తెలిసిపోయింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆ పిల్ల హైమావతికి నచ్చింది.

"నాకొద్దు ఈ మందు" అంది హైమావతి లేచి నిలబడి. "దాన్ని చంపుకుతిని నేను బాగుపడక్కర్లేదు."

ఆలస్యమయ్యే ప్రతి నెలా ఆవిడ తలలోంచి ఏదో ఒకటి రాలిపోతుందని డాక్టరు చెప్పింది. మందు వద్దంటే ఇంకో ఏడాదికి మనుషుల్ని కూడా పోల్చుకోలేకపోవచ్చంది. హైమావతి వినిపించుకోలేదు. గుమ్మం దాకా వెళ్లిపోయింది.

భీమశంకరం మాత్రం కదల్లేదు. "డాక్టరమ్మా," అన్నాడు, "నన్ను కూర్చోబెట్టండి ఆ కుర్చీలో."

*

ఆవిడ తలుచుకున్న ఇంట్లోకే ఆయన్ని పంపాలి కాబట్టి, ఆయన తలుచుకున్నదంతా పైకి చెప్పాలి. మొదటిసారిలా బంగారంలాగుందంటే కుదరదు. దాచిపెడితే ఆ నీడ ఇంటికి ఈయన సగమే వెళ్తాడు.

"నువ్వు బయటుండు హైమా" అన్నాడు.

"ఉండను."

అద్దం గోడకి ఇవతల కూర్చుని విన్నది. ఏ ఉత్తరం ఏ అరలోదో తప్పకుండా చెప్పే మనిషి ఏ వస్తువు ఎక్కడ దొరికిందో చెబుతుంటే వినడం అంత తేలికేం కాదు. పప్పులో ఉంగరం. చెప్పుల అరలో పెన్షను పుస్తకం. ఒక రోజు పొయ్యి వెలిగించకుండా గ్యాసు తిప్పి వదిలేస్తే, వాసన వచ్చి ఆయన కిటికీలన్నీ తెరిచి, గాలి కోసమని బుకాయించిన రోజు. ఆ రోజు చలేస్తోందని తను ఆయన్ని తిట్టిన తిట్లు ఆవిడకు గుర్తున్నాయి. గ్యాసు గుర్తు లేదు. మధ్యాహ్నాలు ఆయన అసలు పడుకోవడమే లేదట, ఆవిడ నిద్రపోగానే ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతాడట.

హైమావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన గురించి తనకు తెలియని సంగతులు ఇంతకాలం ఇంకొకడు కడుపులో దాచుకుని తిరిగాడు. దానికి కృతజ్ఞత చూపించాలో, పీక పట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి వెళ్లే దారిలో ఆటోని నూకాలు వాళ్ల సందు వైపు తిప్పించింది. నూకాలు గుమ్మంలో బియ్యం ఏరుతోంది. వాళ్లని చూసి లేవలేదు.

"తప్పు నాది నూకాలూ. దుద్దులు నేనే పెట్టి మర్చిపోయాను."

నూకాలు చాట పక్కన పెట్టింది. "రేపు మళ్లీ ఏదన్నా పోతే నా మీదకే వత్తాది కదండమ్మగారూ."

"పోతాయి. పారేసేది నేనే. నన్ను అడుగు, నాకు గుర్తులేకపోతే ఈయన్నడుగు. ఇంక ఈయన దాచడు."

నూకాలు భీమశంకరం వంక చూసింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. "చూత్తానండి" అంది నూకాలు, చాట మళ్లీ అందుకుంటూ. వస్తాననలేదు, రాననలేదు.

*

నీడ ఇంట్లోకి భీమశంకరం నీడని పంపించిన కొన్నాళ్లకి మళ్లీ కబురొచ్చింది. ప్రవల్లిక మొహంలో కొత్త చిక్కు కనబడింది.

"సార్ నీడ అన్నీ సర్దేస్తోంది మేడం. ఇప్పుడు మందు వేస్తే, పనిచేసింది మందో ఆయనో మాకు తేలదు. ఆయన్ని తీసేస్తే గాని…"

"తియ్యక్కర్లేదు. అది చుక్కలు పెడుతోందా?"

"పెడుతోంది."

"ఒట్టి చుక్కలు చూసుకోండి. వస్తువు లేని చుక్క ఉందంటే అక్కడ నేను తప్పు పెట్టినట్టూ, ఈయన తీసినట్టూ. మందు పనిచేస్తే ఒట్టి చుక్కలు తగ్గుతాయి."

డాక్టరు ఆ మాట రాసుకుని, "మీ క్లాసులో ఉండుంటే బాగుండేది" అంది.

"నా క్లాసులో పాసూ ఫెయిలూ ఉండేవమ్మా. ఏదీ, చూపించండి."

తెర వెలిగింది. మధ్యాహ్నం ఎండ. పడక్కుర్చీ ఉంది, దాని మీద పేపరు ఉంది, పేపరు వెనక మనిషి ఉన్నాడు. హైమావతి పక్కనే కూర్చున్న భీమశంకరం తనని తాను చూసుకుని ఇబ్బందిగా కదిలాడు. నీడ వంటింట్లోంచి వచ్చింది. తాళాలు మేకుకి వేలాడుతున్నాయి. ఫ్రిజ్జు తెరిచి చూసింది. గుడ్ల అర మీద చుక్క ఒక్కటే ఉంది. నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆ మొహంలో ఇదివరకటి అలసట లేదు. మంచి అనుమానం ఉంది.

"ఏవండీ, ఈ ఇంట్లో ఎవరో వస్తువులు కదుపుతున్నారు."

పేపరు కదల్లేదు. "ఏమో హైమా, నేను చూళ్ళేదు."

నీడ ఇంకాసేపు ఆ పేపరు వంక అనుమానంగా చూసి, వంటింట్లోకి వెళ్లి రెండు కంచాలు పెట్టింది.

హైమావతి కళ్లు తుడుచుకుంది. పక్కనున్న మనిషి వైపు తిరిగి, "కుర్చీలో అన్నీ చెప్పారా? ఏమైనా దాచారా?" అంది.

"అన్నీ చెప్పేశాను."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ చూసింది, చూసి ఊరుకుంది. డాక్టరుకేసి తల ఊపి, "ఇంక దానికి మందు వెయ్యండమ్మా" అంది.